దిగువ రేవు దారి

శ్రావణమాసం మొదట్లో గౌతమి ఎర్రనీళ్ళతో ఒడ్డులు ఒరుసుకుంటూ పారుతూంటే, కొత్తలంకపాలెంలో ముగ్గురు మనుషులకు బొత్తిగా పని లేకుండా పోయింది. రేవు పడవ నడిపే బుల్లియ్య తన పడవను కొబ్బరిచెట్టుకు కట్టేశాడు. కరణం అప్పాజీ గారు కొలవవలసిన పొలాలు నీళ్ళలో ఉన్నాయి. భాస్కరం మేష్టరు బడి పాకలోకి మోకాలి లోతు నీళ్ళొచ్చి, పిల్లలకు సెలవిచ్చేశాడు. అందుచేత ముగ్గురూ భాస్కరం ఇంటి వీధి అరుగు దగ్గర చేరి, పొద్దున్నుంచి యుద్ధం చేస్తున్నారు.

బుల్లియ్య అరుగెక్కడు. మెట్టు మీద గొంతుక్కూర్చుని, చేతిలో గవ్వను అటూ ఇటూ తిప్పి చూసి, అరుగు అంచున ఉన్న పీట మీద ఒక గడిలో పెట్టాడు.

"ఇదుగోనండి మేష్టారూ, నా పడవ ఇక్కడెట్టేస్తన్నాను."

"అక్కడా? చూసుకో బుల్లియ్యా. పక్కనే నా సిపాయి ఉన్నాడు."

"ఉంటే ఉన్నాడండి. ఏం చేస్తాడేంటి?"

భాస్కరం చింతపిక్కను ఎత్తి, గవ్వ మీదుగా దాటించి, అవతలి గడిలో పెట్టాడు. గవ్వను తీసి పక్కన పడేశాడు.

"మునిగిపోయిందండి!" అన్నాడు బుల్లియ్య, సొంత పడవ క్షేమంగా ఒడ్డు చేరినంత సంతోషంగా.

"ఆహా! ఏం ఎత్తండీ, ఏం ఎత్తు!" అన్నారు అప్పాజీ గారు, నశ్యం పట్టు పట్టి. "మేష్టారి కోట ముందు ఎవడు నిలబడతాడు?"

భాస్కరానికి మాత్రం సంతోషం కలగలేదు. ఇవాళ గెలవడం ఎన్నోసారో లెక్క తప్పింది. ఇలా గెలవడం అతనికి అక్కరలేదు.

ఆ ఆట ఏ తీర్థంలోనూ అమ్మేది కాదు. భాస్కరమూ, అతని భార్య బాలాత్రిపురసుందరీ కలిసి తయారుచేసినది. రాజుల యుద్ధాల పాఠం చెబుతూంటే పిల్లలు కునికిపాట్లు పడుతున్నారని, భాస్కరం ఒకనాడు పలక మీద కోటా, దాని చుట్టూ సైన్యమూ గీసి ఇంటికి తెచ్చాడు. పులీ మేకా ఆటలో ఊళ్ళో ఆడవాళ్ళందరినీ ఓడించి కూర్చున్న త్రిపుర ఆ పలక చూసి నవ్వింది.

"కోట చుట్టూ ఇంత మెట్ట నేలేంటండి? మన వైపు ఎక్కడైనా ఉందా?" అని, కొంగుతో నేలంతా తుడిచేసి, రెండు పాయలుగా చీలిన నది గీసింది. పాయల మధ్య లంక. లంక నడుమ కోట.

భాస్కరం కోటకు ఒక ఏనుగును ఇచ్చాడు. మర్నాడు చూస్తే ఏనుగు లేదు.

"ఏనుగేదీ?"

"లంకలోకి ఎలా వచ్చిందండి అది? పడవెక్కిందా?"

అలా మూడు వానాకాలాలు ఆడుతూ, పోట్లాడుతూ, దిద్దుతూ వచ్చారు. పలక పోయి పనసచెక్క పీట వచ్చింది. దాని మీద గళ్ళు త్రిపుర మేకుతో గీసింది. చింతపిక్కలు కోట సిపాయిలు. గవ్వలు దండెత్తి వచ్చే పడవలు. కోట నడుమ కూర్చున్న వక్క కోటదొర. రెండు పడవల మధ్య ఇరుక్కుంటే సిపాయి పోతాడు; సిపాయి పడవ మీదుగా దూకితే పడవ మునుగుతుంది. వక్క పక్క గడిలోకి ఒక్క పడవ చేరినా కోట పడినట్టే. పడవలు అన్నిటి కంటే ఎగువ వరసలో బయల్దేరుతాయి. మొదట్లో అవి ఎటైనా ఒకే గడి నడిచేవి. "నది పారదా ఏంటండి?" అంది త్రిపుర. అప్పటినుంచీ దిగువకైతే రెండు గళ్ళు, ఎగువకు ఎదురీదితే ఒక్కటే. వరద కూడా ఆమె తెచ్చినదే. ఇద్దరూ చెరొక ఎత్తూ వేశాక ఒక కందిగింజ గిన్నెలో పడుతుంది. గిన్నె నిండితే వరద వచ్చినట్టు. పడవల వాళ్ళు ఓడిపోయి ఇంటికి పోవాలి. దానికి పెట్టినది వెండి ఉగ్గుగిన్నె. పెళ్ళిలో వచ్చింది. వేరే పని పడక బీరువాలోనే ఉండేది.

కిందటి కార్తీకంలో ఆట ఒకచోట ఆగింది. కోట తరఫున భాస్కరం వరసగా గెలుస్తున్నాడు.

"కోట బలం ఎక్కువైంది త్రిపురా. ఇద్దరు సిపాయిలను తీసేద్దాం."

"ఒక్కణ్ణి కూడా తియ్యక్కర్లేదు. కోట పడుతుంది. దారి ఉంది."

"ఏదీ, చూపించు."

"రేపు."

ఆ రాత్రి ఆమెకు జ్వరం వచ్చింది. మళ్ళీ ఆ పీట దగ్గర కూర్చోలేదు.

దారి నిజంగా ఉందా, లేదా? అప్పటినుంచి భాస్కరానికి తెలియవలసింది అదొక్కటే. రెండు వైపులా తానే ఆడి చూశాడు. పడవల ఆలోచన సిపాయిలకు ముందే తెలిసిపోయేది. ఎదురుగా ఒక మనిషి కావాలి. తనను ఓడించి తీరాలని కూర్చునే మనిషి. అందుకే నది పొంగి అందరూ ఖాళీగా ఉన్న ఈ రోజుల్లో పీటను అరుగు మీదికి తెచ్చాడు.

తెచ్చిన రోజు నుంచీ గెలుస్తూనే ఉన్నాడు. కోటకు నిజంగానే బలం ఎక్కువైందేమోనని ఒక సిపాయిని తీసేశాడు. గెలిచాడు. ఇంకొకణ్ణి తీసేశాడు. మరీ తేలిగ్గా గెలిచాడు. చివరికి కోటలో ఒక వక్కా, దిక్కులేని నాలుగు చింతపిక్కలూ మిగిలాయి, గవ్వలేమో గుప్పెడున్నాయి. అయినా బుల్లియ్య పడవలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆ నలుగురి కాళ్ళ దగ్గరే మునిగాయి.

"ఇది కుదరదు," అని భాస్కరం ఆ మధ్యాహ్నం పీటను అటుది ఇటు తిప్పాడు. "కోట మీరు తీసుకోండి అప్పాజీ గారూ. సిపాయిలందరినీ పెట్టుకోండి. పడవలు నేను నడుపుతాను."

అప్పాజీ గారు కండువా సర్దుకుని కోట ముందు కూర్చున్నారు. కాసేపు గడ్డం నిమురుకుని, గుమ్మం దగ్గరున్న సిపాయిలను ఒక్కొక్కణ్ణీ దూరంగా పంపించేశారు.

"అదేమిటండీ? గుమ్మం వదిలేస్తున్నారు!"

"గాలి కోసమండి. పాపం, ఉక్కగా ఉంది వాళ్ళకి."

భాస్కరం పడవ తిన్నగా వెళ్ళి వక్క పక్కన ఆగింది.

"పడిపోయిందండీ కోట!" అన్నారు అప్పాజీ గారు, చేతులు జోడించి. "మీరు ఏ పక్కన ఉంటే జయం ఆ పక్కనే."

భాస్కరం పీటకేసి చాలాసేపు చూశాడు. బడిలో పక్కవాడి పలక చూసి లెక్క చేసిన పిల్లవాడు అతనికి ఇట్టే దొరికిపోతాడు. జవాబు ఒకటే అవుతుంది కానీ దారి ఉండదు. ఇక్కడ కూడా దారి లేదు. ఇన్నాళ్ళూ లోపం ఆటలో ఉందని సిపాయిలను పీకుతూ కూర్చున్నాడు. లోపం మెట్టు మీదా అరుగు మీదా కూర్చుని నవ్వుతోంది.

"బుల్లియ్యా," అన్నాడు నెమ్మదిగా. "గోదారి మీద ఇన్నేళ్ళుగా పడవ నడుపుతున్నావు. ఒక్కనాడైనా ఎదురుగా లంక కనబడుతూంటే దానిమీదికి ఎక్కించావా?"

"ఛ ఛ, ఎక్కడన్నా ఎక్కిత్తామాండీ!"

"మరి పొద్దున్నుంచీ చేస్తున్న పని?"

బుల్లియ్య కరణంగారి వైపు చూశాడు. కరణంగారు వాసాలు లెక్కపెట్టడం మొదలెట్టారు.

"ఇంక దాచి లాభం లేదండీ," అన్నాడు బుల్లియ్య, బుర్ర గోక్కుంటూ. "మా ఇంటిది లోవమ్మ చెప్పేసిందండి. మేష్టారిని ఓడించొచ్చేవంటే నీకు గంజి కూడా పొయ్యనని. మా సంటిదానికి జబ్బు చేసినప్పుడు అమ్మగోరే కదండీ కషాయం కాసి పంపించేరు. అది మర్సిపోద్దాండి?"

"మీరు కూడానా అప్పాజీ గారూ?"

"మనసొప్పదండి." అప్పాజీ గారు ఈసారి నవ్వలేదు. "ఏడాదైనా తిరగలేదు. ఇంట్లో ఓడిపోయి ఉన్నారు. అరుగు మీద కూడా ఓడిపోవాలా?"

భాస్కరం పీటను దగ్గరికి లాక్కున్నాడు. గవ్వలన్నీ ఎగువ వరసలో మళ్ళీ పేర్చాడు. చివరి గవ్వ బోర్లా పడితే తిరగేసి పెట్టాడు.

"ఇంకొక్క ఆట," అన్నాడు. "ఈసారి కావాలని ఓడిపోతే ఈ పీట ఎత్తేస్తాను. నా మీద ఒట్టు."

ఒట్టు అనేసరికి ఇద్దరూ నీరుగారిపోయారు. అప్పాజీ గారు పడవలు తీసుకున్నారు. బుల్లియ్య మెట్టు మీదనుంచి సలహాదారు. ఓడకూడదు, గెలవకూడదు, వాళ్ళకది వరద గోదారి ఈదడం కంటే కష్టమైంది. కరణంగారు భయంభయంగా ఒక్కొక్క పడవనూ వెనక్కీ పక్కకీ జరుపుతూ, ఎవరికీ అపకారం చెయ్యని చోటు వెతుక్కుంటూ, ఉన్నట్టుండి ఒక పడవను తీసుకెళ్ళి సరిగ్గా వక్క పక్క గడిలో పెట్టారు.

కోట పడింది.

"అయ్యయ్యో!" అప్పాజీ గారు నిప్పు తొక్కినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నారు. "చెయ్యి జారిందండి మేష్టారూ, చెయ్యి జారింది!" అని పడవను తీసి ఎక్కడో నది మొదట్లో పెట్టేశారు.

"సూసుకోవద్దాండీ కరణంగారూ!" బుల్లియ్య మెట్టు మీదనుంచి లేచాడు. "కొంపలు ముంచేసేవోరు కాదేంటండీ! పాపం మేష్టారి కోట!"

భాస్కరం పీట ఎత్తేశాడు.

"మీవంటి మంచివాళ్ళతో యుద్ధం పెట్టుకోవడం నాదే తప్పు," అన్నాడు. "మజ్జిగ తాగి వెళ్ళండి కరణంగారూ. బుల్లియ్యా, నీకూ పోయిస్తాను, ఉండు." మాట మెత్తగానే ఉంది. కాని లోపలికి వెళుతూంటే చేతిలో పీట వెనకటి కంటే బరువుగా ఉంది.

లోపల ఉన్నది అత్తగారు మాణిక్యాంబ ఒక్కరే. ఇల్లు ఆమెదే. భాస్కరం ఇల్లరికం వచ్చినవాడు కాదు. అతని బడి ఆ ఊళ్ళో పడింది, అందుకని త్రిపుర పుట్టింట్లోనే కాపరం పెట్టారు. అత్తగారు అల్లుడి ఎదటికి రావడం, అల్లుడితో నేరుగా మాట్లాడడం ఆ ఇంట లేదు. ఇన్నేళ్ళూ ఆమె మాటలు త్రిపుర నోటిమీదుగా అతనికీ, అతని మాటలు త్రిపుర నోటిమీదుగా ఆమెకీ చేరేవి. త్రిపుర పోయాక మోసేవాళ్ళు లేక మాటలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. కొన్నాళ్ళకు మాణిక్యాంబే ఒక ఉపాయం కనిపెట్టింది. వంటింటి తలుపు చాటున నిలబడి పిల్లితో చెప్పడం మొదలుపెట్టింది.

"ఏమే బూచీ, అరుగు మీద వాళ్ళకి మజ్జిగ గిన్నెలు నడవలో పెట్టానని చెప్పవే."

"చెప్పింది," అన్నాడు భాస్కరం.

"కరణంగారి గొంతు వీధి చివరకి వినబడిందని కూడా చెప్పు."

పీటను మధ్యగదిలో కిటికీ కింద పెట్టాడు. త్రిపుర కూర్చునే చోటు అది. తీసేసిన సిపాయిలందరినీ మళ్ళీ వాళ్ళ వాళ్ళ చోట్ల నిలబెట్టాడు. ఉగ్గుగిన్నె ఖాళీచేసి పక్కన పెట్టాడు. ఇంక ఆడేవాళ్ళు లేకపోయినా ఆట అంటూ ఉంటే సక్రమంగా ఉండాలి. తరవాత స్నానానికి చెరువుకు వెళ్ళాడు.

తిరిగి వచ్చి, తడిగుడ్డలతో మధ్యగది దాటుతూ పీటకేసి చూశాడు. ఎగువ వరసలో ఉన్న గవ్వల్లో ఒకటి రెండు గళ్ళు దిగి తూర్పు పాయలో ఉంది.

పిల్లి కదిపిందనుకున్నాడు. తిరిగి ఎగువన పెడదామని గవ్వను ఎత్తాడు. దాని వీపు మీద తెల్లగా ఏదో అంటుకుని ఉంది. వేలితో తుడిచి చూశాడు. బియ్యప్పిండి. వంటింట్లోంచి తిరగలి చప్పుడు వస్తోంది.

భాస్కరం గవ్వను ఎక్కడ దొరికిందో అక్కడే పెట్టేశాడు. కాసేపు ఆలోచించి, ఒక సిపాయిని తూర్పు గట్టుకు నడిపించాడు. గిన్నెలో ఒక కందిగింజ వేశాడు. తడిగుడ్డలు పిండుకుంటూ పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అత్తా అల్లుడూ ఎదురెదురుగా కూర్చోకూడదు. నిజమే. కాని పీట ముందు ఒకరు లేచి వెళ్ళాక మరొకరు కూర్చోకూడదని ఎవరూ చెప్పలేదు.

అతను భోజనం చేసి పడుకుని లేచేసరికి ఒక ఎత్తు. బడి పాకలో నీళ్ళు తీశాయేమో చూసి వచ్చేసరికి ఇంకొక ఎత్తు. మొదట అతనికి ఒకటే భయం. ఆవిడ కూడా కరణంగారిలాగే సిపాయిలను గాలికి పంపిస్తుందా? ఊరంతటికీ ఉన్న జాలి అత్తగారికి ఇంకా ఎక్కువ ఉండాలి కదా. పైగా అల్లుడంటే ఆ ఇంట్లో పండగ పీట వెయ్యవలసిన మనిషి.

మర్నాడు పొద్దున్న వచ్చి చూస్తే, అతని సిపాయి ఒకడు రెండు పడవల మధ్య ఇరుక్కుని చచ్చి, పీట పక్కన వెల్లకిలా పడున్నాడు.

భాస్కరం ఆ చింతపిక్కను చేతిలోకి తీసుకున్నాడు. అంత దయలేకుండా తన సిపాయిని చంపినవాళ్ళు కార్తీకం తరవాత ఎవరూ లేరు. ఎన్నాళ్ళకో ఆకలి వేసినట్టయింది. పీట ముందు సరిగ్గా మఠం వేసుకుని కూర్చున్నాడు.

అప్పటినుంచి యుద్ధం జోరందుకుంది. అతను ఒక పడవ ముంచాడు. ఆమె ఇంకొక సిపాయిని తీసింది. తలుపు చాటున ముందెన్నడూ లేని సందడి మొదలైంది. ఒకసారి పప్పు మాడింది. ఇంకొకసారి విస్తట్లో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. భాస్కరం రెండూ గమనించాడు.

కాని పడవల నడకే అతనికి అంతుబట్టలేదు. రెండు పడవలు మాత్రమే ఎగువ గుమ్మం ఎదట అటూ ఇటూ తచ్చాడుతున్నాయి. మిగిలినవి పడమటి పాయ పట్టుకుని, రెండేసి గళ్ళ చొప్పున కోట పక్కనుంచి దిగువకు జారిపోతున్నాయి. కోట వైపైనా చూడకుండా.

అన్నం తింటూ ఉండబట్టలేకపోయాడు.

"బూచీ, పడవల వాళ్ళు కోట దాటేసి సముద్రానికి పోతున్నారేమిటే? పారిపోతున్నారా?"

తలుపు చాటున గరిటె ఆగింది.

"దానికేం తెలుసు? పిల్లి! చారు చల్లారిపోతోందని చెప్పవే బూచీ."

పారిపోతున్నారనే నిశ్చయించుకున్నాడు. గుమ్మం ఎదటి రెండు పడవల్నీ ముంచేస్తే పని అయిపోతుంది. సిపాయిలను ఒక్కొక్కణ్ణీ ఎగువ గట్టుకు తోలాడు. మొదటి పడవ మునిగింది. సిపాయిలు ఇంకొంచెం పైకి నడిచారు. రెండోదీ మునిగింది. ఆ ముంచిన ఉత్సాహంలో గిన్నెలోకి చూశాడు. కందిగింజలు అంచుదాకా వచ్చాయి. ఇంక రెండో మూడో పడితే వరద. త్రిపుర చెప్పిన దారి లేనట్టే.

అలా తేలిపోయినందుకు అతనికి సంతోషం ఉండాలి. లేదు. ఆ సాయంత్రం గట్టు మీద నిలబడి నదికేసి చూస్తూ చాలాసేపు గడిపాడు. నీళ్ళు తీస్తున్నాయి. తను ఓడిపోవాలనే ఆడుతున్నానని అప్పుడు తెలిసింది. దారి ఉందని ఆమె అన్నమాట నిజం కావాలి. అది కావాలి అతనికి, కోట కాదు.

ఇంటికి వచ్చి పీట చూశాడు. పడవలు ఎదురీదుతున్నాయి.

అతను ఎగువ పడవల వేటలో పడి గమనించనే లేదు గాని, దిగువకు జారిపోయిన గవ్వలన్నీ లంక కొసన కలుసుకుని ఇటు తిరిగాయి. ఒక్కొక్క గడి చొప్పున, నెమ్మదిగా, కోట దొడ్డి వైపు వస్తున్నాయి. నీళ్ళు తోడుకోవడానికని త్రిపుర గీసిన చిన్న రేవు అక్కడ ఉంది. దానికి కాపలా లేదు. ఎప్పుడూ పెట్టలేదు. సిపాయిలందరూ ఎగువ గట్టున, మునిగిన పడవల దగ్గర నిలబడి ఉన్నారు.

భాస్కరం పీట ముందు కూర్చున్నాడు. ఈ నేల మీద పుట్టిన ఎవడైనా భయమేస్తే ఎగువకే చూస్తాడు. వరద వచ్చేది ఎగువనుంచి. ఆనకట్ట నీళ్ళు వచ్చేదీ, రాజమండ్రి కబుర్లు వచ్చేదీ, ఇనస్పెక్టరు గారు వచ్చేదీ ఎగువనుంచే. దిగువనుంచి ఏం వస్తుంది? ఆట తయారుచేస్తూ కూడా అతను కోట గుమ్మం ఎగువకే పెట్టాడు, కాపలా అంతా అటే పెట్టాడు. అలా పెట్టడం ఒక ఎత్తని కూడా అతనికి తట్టలేదు. త్రిపురకు తట్టింది.

సిపాయిలను వెనక్కి పరిగెత్తించాడు. ఒక్కొక్క గడే కదా నడిచేది. చాలలేదు. అతను ఒక గింజ వేసి వెళ్ళి, పెరట్లో ఊరికే నాలుగు గోరింటాకులు తెంపి పారేసి, తిరిగి వచ్చాడు. గవ్వ రేవు దాటింది. ఇంకొక గింజ వేశాడు. గిన్నె అంచు మీద ఇంక ఒక్క గింజకే చోటుంది. ఈసారి వాకిట్లో అటూ ఇటూ పచార్లు చేశాడు. లోపల తిరగలి చప్పుడు ఆగింది; అడుగుల చప్పుడు; మళ్ళీ తిరగలి.

వక్క పక్కన గవ్వ ఉంది. దాని వీపు మీద బియ్యప్పిండి, వేలిముద్ర పడేంత.

భాస్కరం నవ్వాడు. మొదట చిన్నగా, ఊపిరి తప్పించుకున్నట్టు. ఆ తరవాత ఆపుకోలేక, పీట మీద చెయ్యి వేసి, గవ్వలు దొర్లిపోయేలా నవ్వాడు. ఆ ఇంట్లోంచి నవ్వు వినబడి చాలా కాలమైంది. బూచి బెదిరి అటక ఎక్కింది. కాసేపటికి ఇది ప్రమాదం కాదని నిశ్చయించుకుని దిగి వచ్చి, కిటికీ కింద పడుకుంది.

కళ్ళు తుడుచుకుని అన్నాడు, "బూచీ, ఈ దారి ఎవరు చెప్పారో అడగవే."

లోపల తిరగలి ఆగింది.

"జ్వరంలో ఉండగా," అంది తలుపు చాటునుంచి గొంతు. "కాళ్ళు పడుతూ కూర్చున్నాను. నా అరచెయ్యి పట్టుకుని వేలితో గీసింది. ఇదిగో అమ్మా ఇలా కిందికి పోయి, ఇలా తిరిగి రావాలి అని. ఆయనకి చెప్పకు, చెబితే వెంటనే దొడ్డి రేవుకి కాపలా పెట్టేస్తారు, ఒక్కసారైనా ఓడించాక చెప్పాలి, అంది."

భాస్కరం గవ్వలు ఏరుతున్నాడు. ఒకటి దొరకలేదు. అది వెతకడానికి పీట కిందికి వంగి, కావలసినదానికంటే కొంచెం ఎక్కువసేపు వంగే ఉన్నాడు.

వీధిలో బుల్లియ్య కేక వినబడింది. "మేష్టారండీ! నీళ్ళు తీసేసినాయండి. రేపు పడవ ఏస్తన్నాను. రామచంద్రపురం ఎళ్ళే పనేవన్నా ఉంటే సెప్పండి."

భాస్కరం గుమ్మంలోకి వచ్చాడు. బుల్లియ్య చేతిలోని చుట్ట వెనక దాచి, అతని ముఖంలోకి పట్టి పట్టి చూశాడు.

"ఏంటండీ, నవ్వొకటి ఇనబడింది. ఎవరన్నా వచ్చేరా?"

"ఆట ఆడాం. ఓడిపోయాను."

బుల్లియ్య ముఖం మాడిపోయింది. "ఓడిపోయేరా! ఎవరండీ ఆ పాపిష్టి ముండాకొడుకు? ఏ ఊరోడండీ? మనిసన్నాక కూసింత..."

లోపల తలుపు చాటున పెద్దగా దగ్గు వినబడింది. బుల్లియ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. భాస్కరం చూపు మెల్లగా వంటింటి వైపు తిరిగింది. బుల్లియ్య చూపూ దాని వెనకే వెళ్ళింది. తరవాత చుట్ట కింద పడేసుకుని, "తప్పయిపోయిందండీ అమ్మగోరూ, నేను రానేలేదనుకోండి," అని మూడంగల్లో వీధి దాటేశాడు.

భాస్కరం మళ్ళీ పీట ముందు కూర్చున్నాడు. దొడ్డి రేవు గడి మీద వేలు పెట్టి చూశాడు.

"ఇక్కడ ఒక కాపలా పెట్టాలి," అన్నాడు.

"పెడితే పడవలు ఇంక ఎప్పటికీ గెలవవు. గిన్నె చాలదు. వేరే గిన్నె పెట్టండి."

"గిన్నె మార్చను."

"అయితే పడవ ఒకటి ఎక్కువ ఇవ్వాలి."

"అది కుదురుతుంది."

దొర్లిన గవ్వలకు ఇంకొకటి కలిపి ఎగువ వరసలో పేర్చాడు. దొడ్డి రేవులో ఒక చింతపిక్కను నిలబెట్టాడు. అది ఎగువకు చూస్తోందో దిగువకు చూస్తోందో చింతపిక్కలో తెలియదు. అయినా ఒకసారి తిప్పి పెట్టాడు. గిన్నెలోని కందిగింజలు చేటలో పోశాడు. తరవాత పీటను అటుది ఇటు తిప్పి, గవ్వలను తన వైపు పెట్టుకున్నాడు.

"ఈసారి కోట మీరు కాయండి, అత్తయ్యగారూ."

"సరే. చారు పొయ్యి మీదుంది. దింపి వస్తాను. ఈలోపు మీరు ఎత్తు వేసి వీధిలోకి వెళ్ళండి."

బూచి కిటికీ కింద నిద్రపోతోంది. దాన్ని ఎవరూ లేపలేదు.